‘మధురం’ అన్న మాట ఎవరిది?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గాజువాకలో ఉంటూ డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నారు. ఆంగ్లం పాఠాల్లో మొదటి ప్రపంచయుద్ధపు సైనిక కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ పద్యం ‘డుల్సే ఎట్ డెకోరం ఎస్ట్’ వచ్చింది. దేశం కోసం చనిపోవడం మధురం అనే మాట పాత అబద్ధమని దాని ముగింపు. మీ అన్నయ్య నౌకాదళంలో ఉన్నారు. రాత్రి భోజనాల దగ్గర ఆ ఆఖరి పంక్తికి అర్థం చెప్పేసరికి మీ అమ్మగారు కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయారు. ఇలాంటి కవిత్వం సైనికులను కించపరుస్తుందా, పరీక్షలో దీని గురించి ఏమని రాయాలి అని అడిగారు.

ముప్పై ఏళ్లు ఇదే ఊళ్లో ఆంగ్ల సాహిత్యం చెప్పి విరమించినవాణ్ని. విశాఖలో ఈ పద్యం చెప్పడం కత్తిమీద సామే. ఏ తరగతి తీసుకున్నా ముగ్గురో నలుగురో నౌకాదళం ఇళ్ల పిల్లలు ఉంటారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చే పిల్లల్లో అన్నో బాబాయో సైన్యంలో ఉన్నవాళ్లకు లెక్కలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఈ పద్యాన్ని మహా ఆవేశంగా, ఆఖరి పంక్తి దగ్గర బల్ల గుద్ది మరీ చదివాను. రెండో వరసలో ఒక కుర్రాడు పుస్తకం మూసేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వాళ్ల నాన్న అప్పుడు సముద్రం మీద ఉన్నాడని తర్వాత తెలిసింది. తప్పు పద్యానిది కాదు, నేను చెప్పిన తీరుది. మీ ఇంట్లో జరిగింది కూడా అదే అయి ఉంటుంది.

ముందుగా ఒక సంగతి తేల్చుకుందాం. ఆ పద్యం తగువు పెట్టుకున్నది చనిపోయినవాడితో కాదు, అతని చావుకు ‘మధురం’ అని తగిలించినవాడితో. మన వ్యాకరణంలో చెప్పాలంటే గొడవంతా విశేషణం మీద. ఈ కొస పట్టుకుంటే మిగతా చిక్కులన్నీ ఒక్కొక్కటే విడతాయి.

ఆ విశేషణం రోమన్ కవి హోరేస్‌ది. ‘డుల్సే ఎట్ డెకోరం ఎస్ట్ ప్రో పాట్రియా మోరీ’, అంటే స్వదేశం కోసం మరణించడం మధురం, ఉచితం అని. ఈ మాట అన్న మనిషి క్రీ.పూ. 42లో ఫిలిప్పీ యుద్ధంలో బ్రూటస్ పక్షాన నిలిచి, ఓటమి చూసి, డాలు అక్కడే వదిలేసి పారిపోయాడు. గిట్టనివాళ్లు పుట్టించిన కథ కాదిది, ఇంకో గీతంలో తానే ఒప్పుకున్నాడు. బతికి బయటపడి, రోమ్ చక్రవర్తి అగస్టస్ నీడన స్థిరపడ్డాక కుర్రాళ్లకు చెప్పిన హితవు అది. పారిపోయినందుకు నాకు హోరేస్ మీద కోపమేమీ లేదు. నేనైనా అదే చేసేవాణ్నేమో. కాకపోతే ఆ పంక్తినే దాదాపు రెండు వేల ఏళ్ల తర్వాత, 1913లో, బ్రిటన్‌లోని శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాల ప్రార్థనామందిరం గోడ మీద చెక్కించారు. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. మన పిల్లలకు వేమన పద్యం నోటికి వచ్చినట్టు, బడిలో లాటిన్ చదువుకున్న ఆంగ్ల కుర్రాళ్లకు ఆ పంక్తి నోటికి వచ్చు. ఓవెన్ దాన్ని మొత్తం రాయకుండా మూడు నాలుగు మాటలు శీర్షికగా పెట్టి వదిలేసింది అందుకే. మిగతాది పాఠకుడే పూరించుకుంటాడని తెలుసు.

ఆ కాలంలో లండన్ పత్రికల్లో జెస్సీ పోప్ అనే ఆవిడ యుద్ధాన్ని ఆటతో పోలుస్తూ, ఎవరు బరిలో దిగుతారు, ఎవరు గట్టున కూర్చుంటారు అని కుర్రాళ్లను కవ్విస్తూ పద్యాలు రాసేది. ఓవెన్ తన చిత్తుప్రతి మీద మొదట ఆవిడకు అంకితం అని రాసుకున్నాడు, తర్వాత తీసేశాడు. ఇది పరీక్షలో తప్పకుండా రాయండి. పద్యం చివర్లో ‘మిత్రమా’ అని ఒక పిలుపు వస్తుంది. అది కందకంలో ఉన్న సైనికుడికి కాదు, ఇంట్లో కుర్చీలో కూర్చుని అతణ్ని ఉత్సాహపరిచేవాళ్లకు. ఆ పిలుపు తన కొడుక్కి తగిలిందని మీ అమ్మగారు అనుకున్నారు.

ఇప్పుడు పద్యంలోకి వెళ్దాం. సైనికులు అనగానే మన కళ్లముందు మెదిలేది జనవరి 26 కవాతు: నిటారు వెన్ను, ఒకే అడుగు. ఓవెన్ మొదటి పంక్తిలోనే ఆ వెన్ను వంచేస్తాడు. గోనెమూటల కింద కుంగిపోయిన ముసలి ముష్టివాళ్లలా ఉన్నారు వాళ్లు. ముసలమ్మల్లా దగ్గుతున్నారు. నిద్రపోతూనే నడుస్తున్నారు. బూట్లు పోయినవాళ్ల కాళ్లకు నెత్తురే తొడుగు. ఈ ‘ముసలివాళ్ల’లో చాలామందికి మీ వయసే ఉంటుందమ్మా. అంతలో విషవాయువు. అందరూ తడబడుతూ ముసుగులు తగిలించుకుంటారు, ఒక్కడికి మాత్రం సమయం చాలదు. ముసుగు అద్దంలోంచి చూస్తున్న కవికి, ఆకుపచ్చని మసక వెలుతురులో, వాడు సముద్రంలో మునిగిపోతున్నట్టు కనిపిస్తాడు.

ఇక్కడ కాస్త ఆగండి. ఏటా ఎవరో ఒకరు అలలకు కొట్టుకుపోయే తీరంలో పెరిగాం మనం. మునిగిపోవడమంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఆ మనిషి నేల మీద నిలబడి గాలిలో మునిగిపోతున్నాడు. ఇది కవి అల్లిన పోలిక మాత్రమే కాదు. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్లు క్లోరిన్ వదిలారు. క్లోరిన్ ఊపిరితిత్తుల్లోని తడితో కలిసి ఆమ్లంగా మారుతుంది, ఊపిరితిత్తులు నీటితో నిండిపోతాయి. వాయువు పీల్చినవాడు నిజంగానే లోపలి నుంచి మునిగి చనిపోతాడు.

ఆ తర్వాత వాణ్ని బండిలో పడేస్తారు. ఎత్తి పడుకోబెట్టరు, విసురుతారు. ఇక చివరి పన్నెండు పంక్తులూ కలిపి ఒకే వాక్యం. ఆ బండి వెనక నువ్వూ నడిచి ఉంటే, వాడి తెల్లగుడ్లు మెలితిరగడం నువ్వూ చూసి ఉంటే, కుదుపు కుదుపుకీ నోట్లోంచి గరగరమని పొంగే నెత్తుటి చప్పుడు నువ్వూ విని ఉంటే, కీర్తి కోసం తహతహలాడే పిల్లలకు అంత ఉత్సాహంగా ఆ మాట చెప్పవు మిత్రమా, అని. వాదమంతా ‘ఉంటే’ మీద నిలబడింది. చెప్పేవాడు అక్కడ లేడు. ఉండి ఉంటే చెప్పడు.

ఇక ఎక్కువమంది పట్టించుకోని ఒక చిన్న పనితనం. ఇరవై ఎనిమిది పంక్తుల పద్యంలో ఆఖరి పంక్తి కురచగా, తెగినట్టు ఉంటుంది. హోరేస్ వాక్యాన్ని ఓవెన్ రెండుగా విరిచాడు. ‘మధురం, ఉచితం’ అన్న సగం పై పంక్తిలో ‘పాత అబద్ధం’ అన్న మాట పక్కన ఉండిపోయింది. కింద పంక్తిలో మిగిలింది ‘స్వదేశం కోసం మరణించడం’ ఒక్కటే. మరణం అబద్ధమని కవి అనలేదు, దేశం అబద్ధమనీ అనలేదు. విశేషణాన్ని ఊడదీసి పైన పెట్టాడు, మరణాన్ని ఒంటరిగా వదిలాడు. ఇది నేనే ఎన్నో ఏళ్లు చూసుకోలేదు. నల్లబల్ల మీద ఆ రెండు పంక్తులూ రాస్తున్నప్పుడు ఒకరోజు చటుక్కున కనిపించింది.

మన భాషలో ఇలాంటి విశేషణాలు లేవా అంటే, కొల్లలు. సరిహద్దులో జవాను పోయాడన్న వార్త ఏ పత్రికలోనైనా చూడండి. ‘చనిపోయాడు’ అని ఉండదు. వీరమరణం పొందారు, అసువులు బాశారు, నేలకొరిగారు, అమరులయ్యారు. శవం అన్న మాట రాదు, పార్థివదేహం వస్తుంది. ఇందులో గౌరవం ఉంది, కాదనను. ఆ ఇంటివాళ్లకు ఆ మాటలు కొంత ఊరట కూడా. అయితే ఆ మాటలన్నీ దాటుకుని వెళ్లినా, ఆ అబ్బాయికి ఎక్కడ దెబ్బ తగిలింది, ఎంతసేపు బతికి ఉన్నాడు, ఆఖరికి ఎవరిని పిలిచాడు అన్నది మనకు తెలియదు. ఓవెన్ పద్యం సరిగ్గా ఆ మాటల కిందకు దిగుతుంది.

మీరు తెలుగు అలంకారశాస్త్రం కూడా కొంత చదివే ఉంటారు, అందుకే ఈ కోణం చెబుతున్నాను. వీరరసానికి స్థాయీభావం, అంటే మూలమైన భావం, ఉత్సాహం. కరుణకు శోకం. బీభత్సానికి జుగుప్స. యుద్ధాన్ని పొగిడే కవి మరణ దృశ్యాన్ని వీరరసంలో ఉంచుతాడు, అక్కడ నెత్తురు కూడా కుంకుమలా ఉంటుంది. ఓవెన్ అదే దృశ్యాన్ని తీసుకుని బీభత్సం మీదుగా నడిపించి కరుణలో దించుతాడు. జుగుప్స దగ్గర ఆగిపోతే అది భయపెట్టే రాత మాత్రమే అయ్యేది. తన సంపుటికి రాసుకున్న ముందుమాటలో తన విషయం యుద్ధం, యుద్ధంలోని కరుణ అనీ, కవిత్వం ఆ కరుణలోనే ఉందనీ అన్నాడు. కరుణ ఒక్కటే రసమన్న సంస్కృత నాటకకర్త భవభూతి వింటే సంతోషించేవాడు. ఈ మార్గంలో జవాబు రాస్తే దిద్దేవారికి కొత్తగా ఉంటుంది, మీకూ తేలికగా ఉంటుంది.

ఓవెన్ ఒక్కడి గురించే రాస్తే జవాబు బక్కగా ఉంటుంది కాబట్టి ఇంకో ఇద్దరు. మొదటివాడు ఆంగ్ల రచయిత రడ్యార్డ్ కిప్లింగ్. సామ్రాజ్యాన్నీ సైన్యాన్నీ గొంతెత్తి కీర్తించిన మనిషి. కొడుకు జాన్‌కు చూపు ఆనదని సైన్యం తిప్పిపంపితే, పలుకుబడి ఉపయోగించి మరీ చేర్పించాడు. 1915లో లూస్ యుద్ధంలో ఆ పిల్లవాడు పోయాడు. వయసు పద్దెనిమిది. తండ్రి బతికున్నంతకాలం శవం ఏదో తేలలేదు. 1919లో కిప్లింగ్ రాసిన సమాధి పద్యాల్లో ఒక రెండు పంక్తుల పద్యం ఉంది. మేమెందుకు చచ్చామని ఎవరైనా అడిగితే, మా తండ్రులు అబద్ధమాడారు కాబట్టి అని చెప్పండి అంటుంది. అతను ఏ అబద్ధం గురించి అన్నాడో పండితులు ఇప్పటికీ తర్జనభర్జన పడుతుంటారు. నాకు మాత్రం అది చదివిన ప్రతిసారీ కళ్లజోడు పెట్టుకున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడే కనిపిస్తాడు.

రెండో ఆవిడ జపాన్ కవయిత్రి యోసానో అకికో. 1904లో రష్యాతో యుద్ధం జరుగుతుండగా, పోర్ట్ ఆర్థర్ ముట్టడిలో ఉన్నాడనుకున్న తమ్ముణ్ని ఉద్దేశించి, నువ్వు చనిపోవద్దు నాయనా అని రాసింది. కత్తి పట్టి మనుషులను చంపమని అమ్మానాన్నలు నీకు నేర్పలేదు, సకాయ్ ఊళ్లో దుకాణం చూసుకోవలసినవాడివి, చక్రవర్తి తాను స్వయంగా యుద్ధానికి వెళ్లడు కదా అని. దేశద్రోహి అన్నారు ఆవిడను. ఏ అక్కైనా ఏ తమ్ముడితోనైనా అనే మాటే అది. కానీ అదే అకికో 1942లో, నౌకాదళంలో ఉన్న కొడుకును ధైర్యంగా పోరాడమంటూ పద్యం రాసింది. దీన్ని దాచి ఆవిణ్ని శాంతిమూర్తిగా నిలబెట్టే వ్యాసాలు చూస్తే నాకు చిరాకు. మనుషులు అలాగే ఉంటారు, కవులూ అలాగే ఉంటారు.

ఇదంతా పాశ్చాత్యుల గోల, మనది వీరభూమి అని కొందరంటారు. మీ తరగతిలోనూ అనేవాళ్లుంటారు. భగవద్గీత రెండో అధ్యాయంలో చస్తే స్వర్గం, గెలిస్తే రాజ్యం అన్న మాట ఉన్న సంగతి నిజమే. కానీ ఆ మాట యుద్ధానికి ముందు చెప్పినది. అదే భారతంలో యుద్ధం ముగిశాక స్త్రీపర్వం ఉంది, దాన్ని తిక్కన తెలుగులో మనకిచ్చాడు. గాంధారి కృష్ణుణ్ని వెంటబెట్టుకుని శవాల మధ్య నడుస్తూ ఒక్కొక్కరినీ చూపిస్తుంది. భూరిశ్రవుడి భార్య, తెగిపడిన భర్త చేతిని ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంది. తన మొలనూలు లాగిన చెయ్యి, తన నీవి సడలించిన చెయ్యి ఇదేనంటుంది. వేలమందిని కూల్చిన బాహువును ఆవిడ గుర్తుపట్టిన తీరు అది. ఓవెన్ చేసిన పని ఇంతకంటే వేరేమీ కాదు.

మన పక్కనే ఉన్న బొబ్బిలి సంగతీ చూడండి. 1757 జనవరి 24న కోట పడిపోయింది. బుర్రకథలో తాండ్ర పాపారాయుడు దూకినప్పుడు జనం ఈలలు వేస్తారు. నా చిన్నప్పుడు సింహాచలం దారిలో ఒక పందిట్లో ఆ కథ విన్నాను. కోటలోని ఆడవాళ్ల, పిల్లల చావు ఘట్టం వచ్చేసరికి ఈలలు ఆగిపోయి, డక్కీ చప్పుడు ఒక్కటే మిగిలింది. వెనక చాప మీద ఒక ముసలావిడ చెంగుతో ముక్కు తుడుచుకుంటోంది. ఒకే కథలో వీరమూ కరుణా ఉన్నాయి. ఏది పెద్దగా వినిపించాలన్నది చెప్పేవాడి చేతిలో ఉంటుంది.

మన ఎస్. రాయవరంలో పుట్టిన గురజాడ, దేశమంటే మట్టి కాదు, మనుషులని 1910లో అన్నాడు. దాన్ని కొంచెం ముందుకు లాగి చూడండి. దేశమంటే మనుషులైతే సైనికుడూ దేశమే, అతను పోతే దేశంలోనే ఒక ముక్క పోయినట్టు. ఈ ఊళ్లోనే పుట్టిన శ్రీశ్రీ, దండయాత్రల చరిత్రను నిలదీస్తూ అందులో సామాన్యుల సాహసం ఎట్టిది అని అడిగాడు. సాహసం లేదనలేదు, దాని లెక్క ఎవరు రాశారని అడిగాడు.

ఎదుటి పక్షం కూడా రాయండి, లేకపోతే జవాబు ఒంటికాలి మీద నిలబడుతుంది. ఐరిష్ కవి డబ్ల్యు.బి. యేట్స్ 1936లో తాను కూర్చిన ఆధునిక కవితా సంకలనంలో ఓవెన్‌కు చోటివ్వలేదు. ఊరికే బాధపడటం కవిత్వానికి తగిన వస్తువు కాదన్నాడు. నేను ఒప్పుకోను గానీ, కొట్టిపారేయదగిన మాట కాదు. ఇంకొకటి, ఓవెన్ పద్యం యుద్ధం చేయాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు చెప్పదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఇదే విశాఖ మీద బాంబులు వేశాయి. అలాంటి రోజున ఏం చేయాలో ఏ పద్యమూ చెప్పదు. తిరిగి కాల్చినవాణ్ని తప్పుపట్టదు కూడా.

ఓవెన్ పిరికివాడేమో అన్న అనుమానం ఎవరికైనా వస్తే ఈ సంగతులు చాలు. పద్యం రాసింది 1917లో ఎడిన్‌బరో దగ్గర క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో, యుద్ధం దెబ్బకు మనసు చెదిరి చికిత్స పొందుతున్నప్పుడు. అక్కడే ఇంకో సైనిక కవి సీగ్‌ఫ్రీడ్ శాసూన్ పరిచయమై రాతలు దిద్దాడు. కోలుకున్నాక ఓవెన్ మళ్లీ ఫ్రాన్స్ వెళ్లాడు. 1918 అక్టోబరులో చూపిన తెగువకు మిలిటరీ క్రాస్ వచ్చింది. నవంబరు 4న సాంబ్ర్ కాలువ దాటే ప్రయత్నంలో కాల్పులకు పోయాడు. వయసు ఇరవై ఐదు. సరిగ్గా వారానికి యుద్ధం ఆగిపోయింది. విరమణ గంటలు మోగుతున్న నవంబరు 11నే తల్లికి తంతి అందింది.

సాయంత్రం ఎప్పుడైనా ఆర్కే బీచ్‌కు వెళ్తే, 1971 యుద్ధ విజయ స్మారకం దగ్గర నిలబడి సముద్రం వైపు చూడండి. ఆ ఏడాది డిసెంబరు 3 అర్ధరాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి ఎదురుగానే మునిగింది. తొంభై మందికి పైగా అందులోనే ఉండిపోయారు. స్మారకం మన విజయానిది, అది న్యాయమే. ఆ పక్కనే కుర్సురా జలాంతర్గామిని ఒడ్డుకు చేర్చి ప్రదర్శనశాల చేశారు కదా, చిన్నప్పుడు మీరూ ఎక్కే ఉంటారు. టార్పెడోల పక్కనే పడకలు, మనిషి బోర్లా తిరగడానికి చాలనంత చోటు. ఆ ఇరుకులోంచి బయటికి వచ్చి మురీ మిక్చర్ తింటూ అలల వైపు చూసినప్పుడల్లా, నీళ్ల అడుగున ఉన్నది కూడా ఇలాంటి పడకలే కదా అనిపిస్తుంది నాకు. అది శత్రునౌక. అందులో చచ్చినవాళ్లకు వాళ్ల దేశంలో ఏ విశేషణం తగిలించి ఉంటారో ఊహించుకోవచ్చు.

పరీక్ష సంగతి. జవాబు జీవితచరిత్రతో మొదలుపెట్టకండి, అందరూ అదే చేస్తారు. హోరేస్ పంక్తి, దాన్ని రెండుగా విరవడం, ‘మిత్రమా’ ఎవరన్నది, చివరి వాక్యంలోని ‘ఉంటే’, ఈ నాలుగూ వివరంగా రాయండి. కిప్లింగ్‌కు నాలుగు వాక్యాలు చాలు. చోటు మిగిలితే గాంధారి. లాటిన్ పంక్తి వర్ణక్రమం రెండుసార్లు రాసి చూసుకోండి, అక్కడే మార్కులు పోతాయి.

ఇక మీ అమ్మగారు. ఆవిడకు మళ్లీ చెప్పాలనుకుంటే ముందు ఓవెన్ తల్లి సుసాన్ గురించి చెప్పండి. కొడుకు జేబుపుస్తకంలో ఠాగూర్ గీతాంజలి పంక్తులు అతని చేతిరాతతో ఉన్నాయని, 1920లో ఆ తల్లి ఠాగూర్‌కే ఉత్తరం రాసింది. ఇంటి నుంచి చివరిసారి బయల్దేరేటప్పుడు ఆ పంక్తులే తనతో అన్నాడట. ఆ తర్వాత పద్యం తెలుగులో చెప్పండి. అయితే ఆఖరి పంక్తి జోలికి వెంటనే పోకండి. బూట్లు పోయిన కాళ్లతో నడిచే ఆ కుర్రాళ్ల దగ్గర మొదలుపెట్టి, ఆవిడ ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపేయండి.